కోడలు చూపించిన దీవులు

హెడ్మాస్టరమ్మ బడి మానేసి చాలా కాలమైంది గానీ ఆ పిలుపు మాత్రం ఆవిడను వదల్లేదు. కూరగాయల బండి దగ్గరైనా, బస్సులోనైనా, మందుల షాపు ముందు వరసలోనైనా ఎవరో ఒకరు "హెడ్మాస్టరమ్మా, నమస్తే" అంటూ నిలబడిపోయేవారు. ఆవిడ వాళ్ళను నఖశిఖపర్యంతం ఒకసారి చూసి గానీ తల ఊపేది కాదు. లెక్కల టీచరుగా చేరి, చివరికి బడికే పెద్దయి, పిల్లల్నీ వాళ్ళ తల్లిదండ్రుల్నీ ఒకే గొంతుతో అదిలించిన మనిషి. అంతటి మనిషి కూడా తడబడే ప్రశ్న ఒకటుండేది.

"మీ కోడలు ఏం చేస్తుందండీ?"

"పెద్దాసుపత్రి పక్కన పరిశోధన," అనేసి చటుక్కున మాట మార్చేది.

నిజం చెప్పాలంటే కోడలు చూసేది ఎలుకల్ని. అవైనా మామూలు ఎలుకలు కావు. తిండి మీద అదుపు లేకుండా పుట్టి, బంతుల్లా లావెక్కిన చిట్టెలుకలు, వాటిలో షుగరు ముదిరినవి. వాటి క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపులుంటాయి. చుట్టూ ఉన్న మిగతా కణాల మధ్యలో విడివిడిగా కనిపిస్తాయని వాటిని దీవులంటారు. ఆ దీవుల్లో ఏ కణం ఎక్కడ ఉంది, లోపల ఎలా ఉంది అన్నదే కోడలి పని. ఈ సంగతి కొత్తలో ఒకసారి భోజనాల దగ్గర ఉత్సాహంగా చెప్పబోతే, "తినే చోట ఎలుకల మాటేమిటమ్మాయ్" అని అత్తగారు కసిరింది. ఆ తర్వాత ఆ అమ్మాయి ఇంట్లో ఆ ఊసెత్తలేదు.

కసరడానికి ఇంకో కారణం ఉంది. అది ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. ఆవిడకూ షుగరు ఉంది. ప్రతిసారీ రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసేవాడు. హోంవర్కు చెయ్యని పిల్లని చూసే చూపు అది. అలాంటి చూపులు జీవితమంతా చూసిన మనిషికి ఆ చూపు కింద కూచోవడం నరకంగా ఉండేది. ఒకసారి ఆయన, "మీ క్లోమం ఏనాడో చచ్చిపోయిందమ్మా, ఇక నేనేం చెయ్యను?" అన్నాడు. ఆ మాట ఆవిడ గుండెలో ముల్లులా ఉండిపోయింది. తన ఒంట్లో ఏదో పని ఎగ్గొట్టి పారిపోయినట్టు, ఆ తప్పు తనదే అయినట్టు సిగ్గుపడేది.

ఒకరోజు మధ్యాహ్నం కోడలు పెందలాడే ఇంటికొచ్చింది. చెప్పులైనా విప్పకుండా ముందు గదిలో కుర్చీలో కూలబడింది. మొహం కందగడ్డలా ఉంది. హెడ్మాస్టరమ్మ పేపరు మడిచి పక్కన పెట్టింది.

"ఏమైంది?"

"ఏం లేదు అత్తయ్యా."

"ఏం లేకపోతే చెప్పులు గుమ్మం దగ్గర ఉండాలి. ఏమైంది?"

అప్పుడు కట్ట తెగింది. ఆ రోజు వాళ్ళ సంస్థలో సమావేశం. కోడలు తన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫోటోలు మొదటిసారి అందరి ముందూ పెట్టింది. షుగరు ముదిరిన ఎలుకల్లో ఇన్సులిన్ కణాలు చచ్చిపోయి మాయమయ్యాయని చాలామంది అనుకుంటారు. ఆమె ఎలుకల్లో మాత్రం చాలా కణాలు బతికే ఉన్నాయి. కాకపోతే లోపల నిల్వ ఉండాల్సిన ఇన్సులిన్ రేణువులు లేక ఖాళీగా ఉన్నాయి. ఆ మాట అనగానే వెనక వరసలోంచి కత్తెర ప్రొఫెసరు లేచాడు. ఎవరి పని చూసినా సగం కత్తిరించి గానీ వదలడని ఆయనకు ఆ పేరు.

"అందరి ముందూ ఏమన్నాడో తెలుసా? 'ఇవి ఖాళీ కణాలు కావు, నీ చేతి అలసత్వం. క్లోమం ముక్క తీశాక దాన్ని గట్టిపరిచే మందులో వెంటనే వెయ్యలేదు. కుళ్ళిపోయినదాన్ని ఫోటో తీసి కొత్త సంగతి కనిపెట్టానంటున్నావు' అన్నాడు."

"మీ గైడు ఏమంది?"

"ఆవిడ భయస్తురాలు. ఆ ఫోటోలు వదిలేసి మిగతాది రాసెయ్, నీకెందుకొచ్చిన గొడవ అంది."

హెడ్మాస్టరమ్మ సూటిగా అడిగింది. "ఆలస్యం చేశావా?"

"లేదు అత్తయ్యా."

"ఒట్టు?"

"ఒట్టు."

"మరి ఏడుపెందుకు?"

"ఏడవట్లేదు. ఒళ్ళు మండిపోతోంది."

ఆ జవాబు అత్తగారికి నచ్చింది. ఎంత నచ్చిందంటే, ఆవిడే లేచి వెళ్ళి కాఫీ కలిపి తెచ్చింది. "ఆ ఫోటోల్లో ఏముందో నాకు చూపించు," అంది గ్లాసు చేతికిస్తూ. కోడలు నోరెళ్ళబెట్టింది.

ఆ వారం సెలవు రోజున ఇద్దరూ కలిసి కోడలి ల్యాబుకి వెళ్ళారు. పొడుగాటి వరండా, నేలంతా ఫినాయిలు వాసన. తలుపు తీయగానే చల్లటి గది, గోడకి కొక్కేలు, కొక్కేలకి తెల్ల కోట్లు. అత్తగారికి కూడా ఒక కోటు తొడిగింది కోడలు. అది భుజాల దగ్గర బిగుతైంది. "మీ ఎలుకలే కాదు, మనుషులూ లావెక్కుతారు, కాస్త పెద్దవి కొనమని చెప్పు," అంటూ ఆవిడ మైక్రోస్కోపు ముందు కూచుంది.

"ముందు షుగరు లేని బక్క ఎలుకది చూడండి. రంగులు మేం అద్దినవే. ఎర్రగా ఉన్నవి ఇన్సులిన్ చేసే బీటా కణాలు. పచ్చవి ఆల్ఫా కణాలు. అవి చేసేది గ్లూకగాన్. రక్తంలో చక్కెర పడిపోతే పైకి లేపేది అదే."

హెడ్మాస్టరమ్మ కళ్ళజోడు తీసింది, మళ్ళీ పెట్టుకుంది, చివరికి మళ్ళీ తీసింది. మసకలోంచి ఒక్కసారిగా ఆ దీవి తేలింది. గుండ్రంగా, నడిమధ్య అంతా ఎరుపు, అంచున సన్నటి పచ్చ వరస.

"అబ్బ! ఎవరో కూచోబెట్టినట్టే ఉన్నాయే, ఎవరి చోట్లో వాళ్ళు."

"ఇప్పుడిది లావెక్కినా ఇంకా షుగరు రాని ఎలుకది."

ఈసారి దీవి ఒక్క చూపులో పట్టలేదు. స్లైడుని అటూ ఇటూ జరిపితే గానీ దాని అంచులు దొరకలేదు. లోపల ఎరుపు కిక్కిరిసి ఉంది. పచ్చ వరస ఎక్కడో అంచుకి నెట్టేసినట్టుంది.

"ఒంట్లో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ మాట ఒళ్ళు సరిగా వినదు అత్తయ్యా. అందుకని ఈ కణాలు ఇంకా ఇంకా చేస్తాయి. వాటి సంఖ్యా పెరుగుతుంది, సైజూ పెరుగుతుంది. ఆ దీవి అంత పెద్దదైంది అందుకే."

"అంటే పని ఎక్కువైందని ఇంకా మనుషుల్ని పెట్టుకున్నాయన్నమాట."

"అంతే. ఇప్పుడు షుగరు ముదిరింది చూడండి."

హెడ్మాస్టరమ్మ చాలాసేపు తల ఎత్తలేదు. అంచులు చెదిరిపోయాయి. ఎరుపు వెలిసిపోయి అక్కడక్కడా మిగిలింది. అంచున ఉండాల్సిన పచ్చవి నడిమధ్యకి వచ్చి కలగాపులగంగా ఉన్నాయి. బడిలో ఏదో గొడవై పిల్లలంతా తరగతులు మారి కూచున్నట్టు అనిపించింది ఆవిడకి.

"ఎర్రవి చచ్చిపోయాయి కదా?" అంది మెల్లగా.

"అందరూ అడిగేది అదే. ఇటు రండి."

కోడలు కంప్యూటరు తెర మీద నలుపు తెలుపు ఫోటో పెట్టింది. అందులో ఒకే ఒక్క కణం తెరంతా పరుచుకుని ఉంది. బక్క ఎలుకది. లోపల బోలెడు నల్లటి చుక్కలు. ఒక్కో చుక్క చుట్టూ తెల్లటి వలయం. "ఆ చుక్కలే ఇన్సులిన్ రేణువులు," అంది. ఆ తర్వాత షుగరు ఎలుకది పెట్టింది. కణం ఉంది. దాని గోడ ఉంది. మధ్యలో కేంద్రకం చక్కగా ఉంది. చుక్కలు మాత్రం ఎక్కడో రెండో మూడో.

"కణం బతికే ఉంది అత్తయ్యా. అయిన సరుకు అయినట్టే బయటికి పంపాల్సి రావడంతో నిల్వ పెట్టుకునే తీరిక లేకపోయింది."

"మరి మీ కత్తెర అన్నట్టు కుళ్ళిన ముక్క కాదని ఎలా నమ్మడం?"

అత్తగారు తన పక్షమో ఆయన పక్షమో తెలియని ఆ అడిగే తీరుకి కోడలికి నవ్వొచ్చింది. ఫోటోని పక్కకి జరిపింది. అదే ముక్కలో, ఆ కణాన్ని ఆనుకునే ఇంకో కణం. చిక్కటి నల్లటి చుక్కలతో నిండుగా ఉంది. "ఇది ఆల్ఫా కణం. దాని రేణువులు దానికి ఉన్నాయి. దీవి బయట, అరుగుదల రసాలు చేసే ఈ కణాలు చూడండి. ఇవీ నిండుగానే ఉన్నాయి. ముక్క కుళ్ళితే అన్నీ కలిసే కుళ్ళాలి కదా?"

"ఇల్లు కాలితే పక్క గది ఒక్కటే మిగలదుగా," అంది హెడ్మాస్టరమ్మ. ఆ తర్వాత ఆవిడ గొంతు మారింది. "అంటే... చచ్చిపోలేదంటావు."

"ఈ ఎలుకల్లో, ఈ దశలో, చాలావరకు లేదు. మనుషుల సంగతి నేను చెప్పలేను అత్తయ్యా. చెప్పకూడదు కూడా."

"నా సంగతి నేనేం అడగలేదే," అంది ఆవిడ వెంటనే. కానీ తెర మీదినుంచి చూపు తిప్పుకోలేదు. పారిపోయాయనుకున్నవి పారిపోలేదు. ఆఖరి రేణువు దాకా ఇచ్చి, చేతులు ఖాళీ చేసుకుని, అయినా చోటు వదలకుండా నిలబడ్డాయి.

తిరిగొచ్చేటప్పుడు వీధి మొదట్లో మందుల షాపావిడ ఎదురై, "ఇద్దరూ కలిసి ఎక్కడికండీ?" అని పలకరించింది.

"మా కోడలు పనిచేసే చోటికి. ఎలుకల క్లోమంలో కణాలు చూస్తుంది. ఏమనుకున్నారు, అంత తేలిక కాదు," అంది హెడ్మాస్టరమ్మ, వీధి వీధంతా వినబడేలా. కోడలు పక్కకి తిరిగి నవ్వు దాచుకుంది.

మర్నాడు కోడలు తన ఆలోచన బయటపెట్టింది. పని మొత్తం మళ్ళీ మొదటినుంచీ చేస్తుంది. ఈసారి ఇంకో గుంపు కూడా ఉంటుంది. షుగరు వచ్చాక కొన్ని వారాలు తిండి తగ్గించిన ఎలుకలు. ఆ కణాలు నిజంగా బతికే ఉంటే, కాస్త విశ్రాంతి దొరికాక రేణువులు మళ్ళీ నిండాలి. ముక్కలు తీసేటప్పుడు కత్తెర ప్రొఫెసరునే పక్కన నిలబడమంటుంది. ఫోటోలు ఏ ఎలుకవో తెలియకుండా గుర్తులు కప్పేసి, ఆయన చేతికే ఇచ్చి, నిండువేవో ఖాళీవేవో ఆయన్నే వేరు చెయ్యమంటుంది.

"పులి నోట్లో తల పెడతావా?" అంది అత్తగారు కంగారుగా. "కావాలని తప్పుగా చెబితే?"

"చెప్పడు అత్తయ్యా. ఆయన నోరు మంచిది కాదు గానీ కళ్ళు చాలా మంచివి. నాకు కావలసింది ఆ కళ్ళే."

హెడ్మాస్టరమ్మ ఆ పిల్ల మొహంలోకి పరీక్షగా చూసింది. తనను తిట్టిన మనిషిలో మంచి ఏదో, చెడు ఏదో విడదీసి చూడగల మనుషుల్ని ఆవిడ జీవితంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 'ఈ పిల్ల మా ఇంట్లోది' అనుకుంది. ఆ అనుకోవడం ఆవిడకే కొత్తగా ఉంది.

గైడు గారు ముందు గింజుకుంది. కోడలు పట్టు వదల్లేదు. కత్తెర ప్రొఫెసరు మాత్రం ఒక్క మాటలో, "వస్తాను" అన్నాడట.

అక్కడినుంచి ఇల్లు అత్తగారి చేతుల్లోకి వెళ్ళింది. సెలవులని లేదు, పండగలని లేదు, తూచిన మేత పెట్టడానికి కోడలు రోజూ వెళ్ళాల్సిందే. వంట కొడుకు మీద పడేసింది ఆవిడ. అతను ప్రింటింగు ప్రెస్సులో మిషన్లు నడుపుతాడు. మిషను మాట వింటుంది గానీ పొయ్యి వినలేదు. మాడిన కూర చూసి తల్లి, "నీ పెళ్ళాం ఎలుకలకి తిండి తగ్గించింది, నువ్వు మాకు తగ్గించావు. షుగరు దెబ్బకి దిగొస్తుంది," అంది.

"అయితే ఆ పరిశోధన పేపర్లో నా పేరు కూడా వెయ్యమనమ్మా," అన్నాడు అతను.

ఆ మధ్యే ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన అలవాటు ప్రకారం కళ్ళజోడు పైనుంచి చూడబోతే, ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుని, "తిండి తగ్గిస్తాను, నడుస్తాను, మందు వేళకి వేసుకుంటాను. కానీ ఆ చూపు మాత్రం వద్దు. నా ఒంట్లో కణాలేవీ సోమరిపోతులు కావు," అంది. ఆ పైన ఆయన ఆవిడతో మర్యాదగానే మాట్లాడాడు. ఆవిడా చెప్పినట్టే నడిచింది.

ముక్కలు తీసిన రోజు కోడలు ఇంటికొచ్చి చేతులు మళ్ళీ మళ్ళీ కడుక్కుంది. "పాపం, వాటికి నొప్పి తెలుస్తుందా?" అని అడిగింది అత్తగారు.

"ముందే మత్తిస్తాం. తెలియదు. అయినా ఒక్కోసారి చెయ్యి బరువెక్కుతుంది అత్తయ్యా. అందుకే ఆ పని వృథా కాకూడదనుకుంటాను." తువ్వాలు పక్కన పెట్టి, "ఆ కత్తెర ప్రొఫెసరు చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు," అంది.

సంస్థ వార్షిక సభకి ఇంటివాళ్ళు కూడా రావచ్చన్నారు. హెడ్మాస్టరమ్మ బీరువాలోంచి మంచి చీర తీసి, కొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళి, నేరుగా ముందు వరసలో కూచుంది. అవి అతిథులకని ఎవరో చెప్పబోయి, ఆవిడ చూపు తగిలి వెనక్కి తగ్గారు.

కత్తెర ప్రొఫెసరు అంతకుముందే ఫోటోలన్నీ చూసి మూడు గుంపులు చేశాడు. నిండువి, ఖాళీవి, మధ్యరకం. ఏ ఫోటో ఏ ఎలుకదో రాసిన కాగితం గైడు గారి దగ్గర భద్రంగా ఉంది. అది ఇప్పుడు అందరి ముందూ చదువుతారు. కోడలు వేదిక మీద నిలబడింది. చూపుడు కర్రని ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకోవడం అత్తగారికి కనిపించింది. తన మొదటి పాఠం రోజున సుద్దముక్క చేతిలో విరిగిన సంగతి ఆవిడకి గుర్తొచ్చి, 'ఆ కర్ర గట్టిగా పట్టుకో తల్లీ' అని లోపల్లోపలే అనుకుంది.

గైడు గారు ఒక్కొక్కటీ చదివింది. నిండు గుంపులో బక్క ఎలుకలు. ఖాళీ గుంపులో, కడుపునిండా తింటున్న షుగరు ఎలుకలు. హాల్లో చిన్న కదలిక పుట్టింది. ఆ తర్వాత తిండి తగ్గించినవి. ఎక్కువ భాగం మధ్యరకంలో పడ్డాయి. కొన్నయితే నిండు గుంపులోనే ఉన్నాయి. ఆ కణాల్లో నల్ల చుక్కలు మళ్ళీ వచ్చాయి. చచ్చినవాటికి చుక్కలు రావు. చప్పట్లు మొదలయ్యాయి.

"ఆగండి," అంది కోడలు. "ఇంకొకటి ఉంది."

ఆమె తెర మీద ఇంకో ఫోటో పెట్టింది. "సారు దీన్ని ఖాళీ గుంపులో వేశారు. సరిగ్గానే వేశారు. కానీ ఇది తిండి తగ్గించిన ఎలుకే. మిగతావాటిలాగే దీనికీ విశ్రాంతి ఇచ్చాం. అయినా నిండలేదు. ఎందుకో నాకింకా తెలియదు."

కొడుకు తల్లి చెవిలో, "అది ఎందుకు చెప్పింది? చప్పట్లు కొడుతున్నారు కదా?" అని గొణిగాడు. హెడ్మాస్టరమ్మ అతని చెయ్యి గట్టిగా నొక్కింది. ఆవిడ కళ్ళు తడిసిపోయాయి. ఎన్నో తరగతుల్లో ఎన్నోసార్లు ఆవిడ అదే మాట చెప్పింది, తెలియనిది తెలియదని రాయండి, బొంకకండి అని. ఎవరూ వినలేదు. ఈ పిల్ల ఆవిడ దగ్గర చదువుకోలేదు. ఎవరూ చెప్పకుండానే ఇంతమంది ముందు చేసి చూపించింది.

కత్తెర ప్రొఫెసరు లేచాడు. అందరూ వెనక్కి తిరిగారు.

"ముక్క తీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. క్షణం కూడా వృథా చెయ్యలేదు. ఫోటోలు వేరు చేసింది నా కళ్ళు. అవి ఖాళీ అయిన కణాలే, కుళ్ళినవి కావు. ఆ రోజు నేనన్న మాట తప్పు. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే వెనక్కి తీసుకుంటున్నాను." కూచోబోతూ మళ్ళీ ఆగాడు. "కానీ ఆ చివరి ఫోటోకి అడుగున సైజు చూపే కొలత గీత లేదు. పెట్టుకో."

హాలంతా గొల్లుమని నవ్వింది. కోడలు కూడా నవ్వేసింది. అప్పుడు మొదలైన చప్పట్లు చాలాసేపు ఆగలేదు. హెడ్మాస్టరమ్మ అందరికంటే ముందు లేచి నిలబడి, అరచేతులు మండేదాకా కొట్టింది.

టీ దగ్గర ఎవరో కుర్ర డాక్టరు, "మీరు ఎవరి తాలూకండీ?" అని అడిగాడు.

"ఇప్పుడు మాట్లాడిందే, ఆ అమ్మాయి అత్తగార్ని."

"ఓహో. మీకేమైనా అర్థమైందా?"

"అర్థం కాకపోవడానికేముంది?" అంటూ ఆవిడ టీ సాసరు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది దీవి అనుకో. బీటా కణాలు ఇక్కడ మధ్యలో ఉంటాయి. ఆల్ఫా కణాలు అంచున." ఆ కుర్రాడు తప్పించుకోవాలని చూశాడు గానీ, కుదరక, పాఠం పూర్తయ్యేదాకా నిలబడ్డాడు. మధ్యలో ఇంకో ఇద్దరు వచ్చి చేరారు.

కత్తెర ప్రొఫెసరు చేతిలో కప్పుతో దగ్గరికొచ్చి, "మీ కోడలు మహా మొండిదండీ," అన్నాడు.

"మొండిది కాదండీ, ఖచ్చితమైన మనిషి," అంది ఆవిడ. "మీకు ఆ తేడా తెలుసు. కాబట్టే వచ్చి పక్కన నిలబడ్డారు."

ఆయన తల వంచి నమస్కారం పెట్టాడు.

తర్వాత ఆ పరిశోధన మంచి పత్రికలో అచ్చయింది. కోడలికి సొంతంగా ఒక గది, సాయానికి ఒక మనిషి ఇచ్చారు. ఆ రోజు సాయంత్రం మాత్రం ఇవేవీ ఇంకా తెలియవు. బస్సులో ముగ్గురూ ఒకే సీటులో ఇరుక్కుని కూచున్నారు. కొడుకు కిటికీ పక్కన కునుకు తీస్తున్నాడు. బయట దుకాణాల దీపాలు వెలుగుతున్నాయి. కోడలు నడిమధ్య కూచుని, సభ సంగతే మరిచిపోయి, ఆ నిండని ఎలుక గురించే మాట్లాడుతోంది.

"దానికి షుగరు మిగతావాటికంటే ముందే వచ్చిందేమో అత్తయ్యా. ఆ కణాలు మరీ ఎక్కువ కాలం పనిచేసి ఉంటే, ఒక దశ దాటాక వెనక్కి రాలేవేమో. ఆ దశ ఎక్కడుందో పట్టుకోవాలి."

"ఎలా పట్టుకుంటావు?"

"రకరకాల వయసుల్లో తిండి తగ్గించి చూడాలి. కొన్నిటికి ముందు, కొన్నిటికి ఆలస్యంగా."

"అయితే మళ్ళీ రోజూ వెళ్ళాలన్నమాట."

"వెళ్ళాలి," అంది కోడలు, కాస్త జంకుతూ.

హెడ్మాస్టరమ్మ సీటులో సర్దుకుని, నిద్రపోతున్న కొడుకు వైపు ఒకసారి చూసింది.

"వెళ్ళు. ముందు వీడికి వంట నేర్పుతాను," అంది.